అడవిలో ఎవరు ఏరతారు?

మొన్న సోమవారం మా మనవరాలి బడి నుంచి ఒక కాగితం వచ్చింది. ఒక పక్క ఇంగ్లీషులోను, రెండో పక్క తెలుగులోను అచ్చువేసిన ఆ కాగితంలో ఉన్న సంగతేమిటంటే, ఈ సృష్టి ఇంత పొందికగా ఉందంటే దీని వెనక తెలివైన కర్త ఒకరు ఉండి తీరాలన్న వాదాన్ని వచ్చే ఏడాది నుంచి సైన్సు క్లాసులో జీవపరిణామం పాఠం పక్కనే పాఠంగా చెప్పాలని యాజమాన్యం ఆలోచిస్తోందట. తల్లిదండ్రులు 'కావాలి', 'వద్దు' అన్న రెండు గళ్ళలో ఒకదాంట్లో టిక్కు పెట్టి, కింద గీసిన రెండు గీతల మీద కారణం రాసి పంపాలట. మా కోడలు కాలేజీలో పాఠాలు చెబుతుంది, పొద్దున్నపూట ఆవిడకి ఊపిరాడదు. "మీరు అన్నేళ్ళు సైన్సు చెప్పారు కదా అత్తయ్యా, ఆ టిక్కేదో మీరే బేగి పెట్టీయండి, సంతకం నేను చేస్తాను" అని కాగితం నా చేతిలో పెట్టి, జడ వేసుకుంటూనే బస్సుకి పరిగెత్తింది.

నిజానికి అది క్షణంలో అయిపోవలసిన పని. నేను రోజూ దీపం పెట్టుకునే మనిషిని, కార్తీకమాసంలో ఉపవాసాలు కూడా మానను, అయినా దేవుడి గది దేవుడి గదే, సైన్సు గది సైన్సు గదే అని నా మనసులో ఎప్పుడో తేల్చుకున్నాను. అటువంటిదాన్ని టీ చల్లారిపోయేదాకా ఆ కాగితం ముందు పెన్ను పట్టుకుని కూర్చుండిపోయాను. నా కళ్ళ ముందు ఆ గళ్ళు లేవు, డెబ్బైల చివర నేను పాఠం చెప్పిన ఒక తరగతి గది, అందులో మూడో బెంచీ చివర లేచి నిలబడిన ఒక పిల్ల ఉన్నారు.

మా నాన్నగారు నర్సీపట్నం తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఆడపిల్లకి ఉద్యోగమంటే టీచరుద్యోగమే అని నమ్మిన మనుషులు మా ఇంట్లో వాళ్ళు. బి.ఇడి. అయ్యాక మొదట యలమంచిలిలో వేశారు, పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి సాయంకాలానికి దుమ్ముకొట్టుకుని వచ్చేదాన్ని. ఏడాది తిరక్కుండానే సొంత ఊరికి బదిలీ దొరికింది. అదృష్టమంటే నాదే అన్నారందరూ, నేనూ అలాగే అనుకున్నాను. చీర కుచ్చిళ్ళు సరిగా నిలవని వయసు, చేతిలో సుద్దముక్క, ఎదురుగా నలభై మంది పిల్లలు, నా అంత తెలిసినది ఊళ్ళో ఇంకెవరూ లేరన్న ధీమా.

మన తరం పంతుళ్ళకి వేరే చెప్పనక్కరలేదు, పుస్తకంలో ఆఖరి పాఠానికి ఎప్పుడూ అన్యాయమే జరుగుతుంది. పదో తరగతి జీవశాస్త్రంలో ఆ ఆఖరి పాఠం జీవపరిణామం. ఫిబ్రవరిలో ఎండ ముదిరి, పిల్లలు రివిజను మొదలుపెట్టాక, రెండు పీరియడ్లలో దాన్ని అయిందనిపించడం మా అందరికీ అలవాటు. పైగా అంతకు ముందటి ఏడాది ఒక పిల్ల తండ్రి, బజారులో మంచి పేరున్న పెద్దమనిషి, బడికి వచ్చి మా అమ్మాయికి తాత ముత్తాతలు కోతులని చెబుతారా అని మా పెద్ద మేడంగారి గదిలో బల్ల గుద్ది వెళ్ళారు. ఆవిడ మా హెడ్మిస్ట్రెస్, మంచి మనిషే కాని గొడవంటే గుండె దడ. నన్ను పిలిచి, "ఈ కోతుల గొడవ మనకెందుకు సెప్పమ్మా, ఎవులికీ నొప్పి తగలకుండా సెప్పీయరాదా" అన్నారు.

ఎవరికీ నొప్పి తగలని మార్గం మా తెలుగు మేష్టారు చూపించారు. అవతారాలు వరసగా చూడమ్మా, ముందు నీళ్ళలో చేప, తరువాత నీళ్ళకీ నేలకీ మధ్య తాబేలు, తరువాత నేల మీద పంది, సగం మృగం సగం మనిషి, పొట్టి మనిషి, గొడ్డలి పట్టిన మనిషి, మీ పాఠం మనవాళ్ళు ఎప్పుడో చెప్పేశారు కదా అన్నారాయన. నాకు లంకెబిందెలు దొరికినట్టయింది. మూడు ఆదివారాలు కూర్చుని, నీటిరంగులతో ఒక పెద్ద చార్టు గీశాను. ఎడమ పక్క అవతారాలు, కుడి పక్క పుస్తకంలోని జీవులు, మధ్యలో ఎర్ర బాణాలు. తాబేలు సరీసృపమే కాని ఉభయచరం కాదని నాకు తెలియక కాదు, కప్ప ఉండవలసిన చోట దాన్ని నిలబెట్టి సర్దేశాను. చేప పొలుసులకి వెండి రంగు పూశానని మా అమ్మ పొరుగింటి వాళ్ళని పిలిచి మరీ చూపించింది. ఆ చార్టు మీద ఏది ముందు, ఏది తరువాత అన్నది మాత్రమే ఉంది, ఎలా అన్నది లేదు. పాఠానికి ప్రాణమంతా ఆ ఎలా అన్నదాంట్లోనే ఉందని నాకు తెలుసు, కాని బాణం గీసేస్తే ఆ పని తప్పిపోతుంది కదా.

ఆ పిల్ల గురించి చెప్పాలి. పేరు రాయను, ఆవిడ ఒప్పుకుంటుందో లేదో అడగకుండా రాసే హక్కు నాకు లేదు. కొయ్యూరు అవతల కొండ మీది ఊరు, హాస్టల్లో ఉండి చదివేది. వాళ్ళ ఊళ్ళో పదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. పాసయితే నర్సు ట్రైనింగుకి పంపిస్తామని హాస్టలు వార్డెనుగారు మాట ఇచ్చారని, ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేది. హాస్టలు పిల్లలందరినీ మేము 'కొయ్యూరు పిల్లలు' అని ఒక్క మాటతో పిలిచేవాళ్ళం, హాజరుపట్టీలో తప్ప వాళ్ళకి విడివిడిగా పేర్లు ఉన్నాయన్న ధ్యాస మాకు ఉండేది కాదు. ఈ పిల్ల లెక్కల్లో అంతంతమాత్రం, ఇంగ్లీషులో ఇంకా తక్కువ, కాని ఆకు చూపిస్తే చెట్టు పేరే కాదు, ఆ చెట్టు కింద ఏ పురుగు ఉంటుందో కూడా చెప్పేది. నేను ఫార్మలిన్ సీసాలో పెట్టిన తొండని చూసి, ఇది ఆడదండీ అని చెప్పిన పిల్ల. నేను పుస్తకం తిరగేసి చూసుకోవలసి వచ్చింది, ఆ పిల్ల చెప్పినదే నిజం.

ఆ ఫిబ్రవరిలో ఇన్స్పెక్షను వచ్చింది. ఇన్స్పెక్షనంటే మనకి తెలిసిన తతంగమే కదా, గోడలకి సున్నం, పిల్లల తలలకి నూనె, ఎన్నడూ తెరవని లేబొరేటరీ బీరువాకి కొత్త తాళం. పెద్ద మేడంగారు నా చార్టుని పట్టుబట్టి ఆఫీసరుగారి ముందు పెట్టించారు, నేను ఆ పాఠమే చెప్పి చూపించాలన్నారు. ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నారు, పెద్ద మేడంగారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను బెత్తంతో ఒక్కొక్క బొమ్మే చూపిస్తూ గడగడా చెప్పుకుపోయాను. ఆఖర్న, ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగాను. ఆ మాట ఇన్స్పెక్షను రోజున అడగడం ఆనవాయితీ, ఎవరూ లేవకపోవడం కూడా ఆనవాయితీయే.

ఆ పిల్ల లేచింది. వాళ్ళ అవ్వ చోడిచేను, అంటే రాగిచేను, కోతకి ముందు చేనంతా తిరిగి, మంచి కంకులకి నారతో ముడి వేసి గుర్తు పెడుతుందని, ముందుగా వాటినే కోసి, పొయ్యి మీద పొగ తగిలేలా వేలాడదీసి, మరుసటి ఏటికి వాటినే విత్తనం కడుతుందని, అలా ఏరి ఏరి వేస్తేనే తమ చోడి ఆ ఊరి చోడి అయిందని చెప్పింది. చెప్పి, చార్టు కేసి చూస్తూ, "మా సేలో అయితే మా అవ్వ ఏరతాదండీ. మరి అడివిలో ఎవులేరతారండీ?" అంది.

ప్రకృతి వరణం అని పుస్తకంలో రెండు పేజీలు రాసి ఉన్నదాన్ని, ఈ సిద్ధాంతం చెప్పిన ఆ ఇంగ్లండు గడ్డం పెద్దమనిషి పావురాలు పెంచేవాళ్ళనీ పంటలు వేసేవాళ్ళనీ చూసి చూసి ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టాడో సరిగ్గా ఆ ప్రశ్నని, పదిహేనేళ్ళ కొండపిల్ల తన ఇంటి పొయ్యి దగ్గర నుంచి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నా ఉద్యోగ జీవితం మొత్తంలో అంతటి ప్రశ్న ఇంకొకరు అడగలేదు. జవాబు నాకు తెలుసు. ఎవరూ ఏరరు, బతికి బట్టకట్టినదే మిగులుతుంది, అదే విత్తనమవుతుంది అని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. కాని ఆ రెండు నిమిషాలూ చెబితే నా చార్టు మీది ఎర్ర బాణాలన్నీ చెరిపేసుకోవాలి, గుమ్మంలో పెద్ద మేడంగారి ముఖం అప్పటికే వాడిపోతోంది, ఆఫీసరుగారు కుర్చీలో ముందుకి వంగారు.

"దేవుడు ఏరతాడు. కూర్చో" అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఆఫీసరుగారు కూడా నవ్వి, సంప్రదాయాన్ని సైన్సుకి బాగా జోడించారని మెచ్చుకుని, ఇన్స్పెక్షను పుస్తకంలో నాలుగు మంచి మాటలు రాశారు. ఆ పిల్ల నవ్వలేదు, చిన్నబుచ్చుకోనూ లేదు, కూర్చుని నోటుపుస్తకంలో ఆ మాట శ్రద్ధగా రాసుకుంది. తరువాత స్టాఫ్‌రూములో ఉప్మా తింటూండగా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడి, "ఎండా వానా ఏరతాయా అండీ?" అని మెల్లగా అడిగింది. అంటే దారి సగం తనే నడిచి వచ్చేసింది, నేను చెయ్యి అందిస్తే చాలు. నా చేతిలో ఉప్మా ప్లేటు ఉంది, పక్కన అందరూ నన్ను పొగుడుతున్నారు. పరీక్షకి నేను చెప్పినది రాయి చాలు, వెళ్ళి చదువుకో అన్నాను. దేవుడి మీద భక్తితో అన్న మాట కాదది. భక్తితో అని ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. ఆ పిల్ల నోరు మూయించడానికి చేతికి దగ్గరగా దేవుడి పేరు దొరికింది, వాడుకున్నాను.

పబ్లిక్ పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది, ప్రకృతి వరణం గురించి రాయమని, అయిదు మార్కులకి. నేను వేరే గదిలో డ్యూటీ చేసి బయటికి వచ్చేసరికి ఆ పిల్ల గేటు దగ్గర నా కోసమే కాచుకుని ఉంది. ముఖం వెలిగిపోతోంది. "మీరు సెప్పినట్టే రాసీసేనండి, పదవతారాలూ వరసగా రాసీసి, అడివిలో దేవుడేరతాడని రాసేనండి" అంది. తల ఊపి రిక్షా ఎక్కాను.

పేపర్లో నంబర్లు వచ్చిన రోజున ఆ పిల్ల నంబరు లేదు. తరువాత మార్కులు చూస్తే అన్నీ గట్టెక్కాయి, సైన్సు ఒక్కటే నాలుగు మార్కుల్లో పోయింది. ఆ అయిదు మార్కుల ప్రశ్న వల్లనే పోయిందని నేను రుజువు చేయలేను, ఇంకెక్కడైనా తప్పులు రాసి ఉండవచ్చు. ఎన్నో ఏళ్ళు ఆ 'ఉండవచ్చు'ని పట్టుకునే నిద్రపోయాను. సెప్టెంబరులో మళ్ళీ పరీక్షకి కట్టించాలని, ఒక నెల మా ఇంట్లోనే పెట్టుకుని చదివించాలని అనుకున్నాను, కొయ్యూరు బస్సు కండక్టరు చేత కబురు పంపుదామనుకున్నాను. అనుకోవడంలో నాకెప్పుడూ లోటు లేదు. ఆ వేసవిలోనే నాకు పెళ్ళి కుదిరింది, చీరలూ శుభలేఖలూ చుట్టాలూ, ఆ హడావిడిలో సెప్టెంబరు వచ్చింది, వెళ్ళిపోయింది. హాస్టల్లో ఆ పిల్ల మంచం ఇంకొకరికి ఇచ్చేశారు.

మళ్ళీ ఆ పిల్లని చూసినది ఏడేళ్ళ తరువాత. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు, బడిలో కాస్త పెద్దరికం వచ్చింది. మొక్కల సేకరణ అని పేరు పెట్టి తొమ్మిదో తరగతి పిల్లల్ని కొయ్యూరు కొండల్లోకి తీసుకెళ్ళాను. ఎస్. రాయవరం వైపు పొలాల్లో చాలినన్ని మొక్కలున్నాయి కదండీ అని తోటి టీచర్లు అన్నా వినకుండా ఆ దారే ఎందుకు పట్టానో అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. చోడి కోతలు అయిపోయిన రోజులు. ఊరి పేరు నాకు హాజరుపట్టీ పుణ్యమా అని గుర్తుంది. బస్సు దిగి గెడ్డ, అంటే చిన్న కొండవాగు, దాటి నడిస్తే, మొదటి ఇంటి అరుగు మీద చంటిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని చింతపండు గింజ తీస్తున్న మనిషి నన్ను చూసి, చేతులు చీరకి తుడుచుకుంటూ లేచి నిలబడింది. క్లాసులో లేచి నిలబడినట్టే.

ఎంత సంతోషపడిందో చెప్పలేను. పిల్లలందరికీ చాపలు వేసి, పనసతొనలు ఎండబెట్టినవి పెట్టి, ఈవిడ మా పంతులమ్మగారు, నాకు సదువు సెప్పేరు అని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చూపించింది. అవ్వ పోయి రెండేళ్ళయిందట. ఇంట్లోకి తీసుకెళ్ళి పొయ్యి మీద వేలాడుతున్న కంకులు చూపించింది. పొగకి నల్లబడిన ఆ కంకుల కాడలకి నార ముడులు ఉన్నాయి, ఇప్పుడు ముడులు వేసేది తనే. అక్కడ, నేను అడక్కుండానే, ఏడేళ్ళ క్రితం నేను తుంచేసిన మాటని అందుకుంది.

"ఒక ఏడు వానల్లేక పోడంతా ఎండిపోనాదండి. అవ్వ ముడేసిన పొడుగు కంకులన్నీ పోనాయి. ఎక్కడో గట్టువార పొట్టి మొక్కలు మాత్తరం నిలబడ్డాయి, అవి బేగి పండీసేయి. ఏరడానికింకేటున్నాయి, మిగిలిందే కోసుకున్నాం. పైఏడు సేనంతా పొట్టిదేనండి. అప్పుడు అనుకున్నానండి, అడివిలో ఎవులూ ఏరరు, మిగిలిందే ఏరినట్టని." నా ముఖంలోకి చూసి, "రైటేనా అండీ?" అని అడిగింది.

నా పక్కన తొమ్మిదో తరగతి పిల్లలు పుస్తకాలు పట్టుకుని నిలబడి వింటున్నారు. రైటేనమ్మా, అన్నాను. ఆ పిల్ల ముఖం గేటు దగ్గర వెలిగినట్టే వెలిగింది. "అయితే అప్పుడిదే రాసుంటే బాగుణ్ణు. మీరు సెప్పింది నాకే సరిగ్గా అర్దం కానేదు" అని నవ్వి, బిడ్డని చంక మార్చుకుంది.

తప్పు నీది కాదు, నాది అని అక్కడే చెప్పి ఉండవలసింది. నాలుగు మాటలు. కాని చుట్టూ నా విద్యార్థులు, వాళ్ళ కళ్ళల్లో నేను పెద్ద టీచరుని. ఆనాడు ఆఫీసరుగారికి జడిశాను సరే, ఈసారి పద్నాలుగేళ్ళ పిల్లలకి జడిశాను. బస్సు టైమయిందన్నాను. ఒక కంకి విరిచి నా చేతిలో పెట్టింది, మీ పిల్లలకి చూపించండీ అంది. ఇంటికి తెచ్చి, బీరువాలో కాగితాల మధ్య పెట్టాను, నాలుగైదు ఏళ్ళకి గింజలన్నీ రాలి కాడ మిగిలింది. మళ్ళీ ఆ ఊరు వెళ్ళలేదు. రిటైరయ్యాక తీరిక వస్తుంది, వెళదాం అనుకున్నాను, తీరిక వచ్చాక మోకాళ్ళు రావన్నాయి. ఆవిడ ఉందో లేదో, ఉంటే మనవలకి ఆ ముడులు వేయడం నేర్పుతోందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు రోజులు మారాయి. మా రోజుల్లో ఒక తండ్రి వచ్చి బల్ల గుద్దితే పాఠం పక్కదారి పట్టేది, ఇప్పుడు నున్నటి కాగితం మీద గళ్ళు గీసి మర్యాదగా అడుగుతున్నారు. కర్త ఉన్నాడా లేడా అన్న వాదన పెద్దవాళ్ళు తేల్చుకోనీ, ఎన్నేళ్ళయినా తేల్చుకోనీ, నాకు అభ్యంతరం లేదు. కాని సైన్సు క్లాసులో ఆ జవాబు ముందే సిద్ధంగా పెట్టుకుంటే, ప్రశ్న అడిగిన పిల్ల కూర్చోవలసి వస్తుంది. అంతవరకు నాకు తెలుసు, ఎందుకంటే కూర్చోమన్నది నేనే. మా మనవరాలి క్లాసులో అటువంటి ప్రశ్న అడిగే పిల్లలు ఉన్నారో లేదో కూడా నాకు తెలియదు. చార్టులు కంప్యూటరు తెరల మీదికి వచ్చాయి, లేచి నిలబడే ఆనవాయితీ ఉన్నట్టు లేదు. ఆ కాగితంలో తల్లినీ తండ్రినీ అందరినీ అభిప్రాయం అడిగారు, పిల్లల్ని మాత్రం అడగలేదు.

'వద్దు' అన్న గడిలో టిక్కు పెట్టాను. కారణానికి వదిలిన రెండు గీతల మీద పెన్ను ఆనిస్తే, చెయ్యి దానంతట అదే రాసుకుపోయింది, 'తప్పు నీది కాదమ్మా, నాది' అని. చదువుకుని ఉలిక్కిపడ్డాను. ఆ మాట చేరవలసిన ఇల్లు గెడ్డ అవతల ఉంది, బడి ఆఫీసు ఫైల్లో కాదు. దాన్ని కొట్టేసి, మిగిలిన గీత మీద 'సైన్సు పీరియడ్లో సైన్సు చాలు' అని ముక్తసరిగా రాశాను. సాయంకాలం మా కోడలు సంతకం పెట్టబోతూ, ఈ కొట్టివేతేటి అత్తయ్యా అని అడిగింది.

పెన్ను జారిందమ్మా అన్నాను.